ఖమ్మం టీకా గొడవ: ఆ 2,763 సంతకాలు

మళ్ళీ అదే మెసేజ్. "ఖమ్మంలో ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు, మీ పిల్లలకు బళ్ళో సూది వేయనివ్వకండి, పది మందికి పంపండి" అని. మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో మా పిన్ని పెట్టింది, కింద నాలుగు దండాల బొమ్మలతో సహా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మాట ఎప్పుడెత్తినా ఇది లేచి కూర్చుంటుంది. దానికి జవాబుగా డాక్టర్లు రీల్స్ పెడతారు, రీల్ కింద కామెంట్లలో జనం కొట్టుకుంటారు, రెండు వారాల్లో అంతా సద్దుమణుగుతుంది. ఈసారి మాత్రం గొడవ టీకా దగ్గర ఆగలేదు. ఆరోగ్య పరిశోధనల్లో జనాన్ని సోషల్ మీడియా ద్వారా కలుపుకుపోతాం అని ప్రాజెక్టుల వాళ్ళు అంటుంటే, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారు సార్ అని అడిగేవాళ్ళు అడుగుతున్నారు.

ఇక్కడ రాసేది ఈ గొడవ నేపథ్యం మాత్రమే కాబట్టి వైరస్ అంటే ఏమిటి, టీకా ఎలా పనిచేస్తుంది వగైరా వదిలేస్తున్నా. అవి ఎక్కడైనా దొరుకుతాయి. మన దేశంలో ఏడాదికి లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వస్తోందనీ, 75 వేల మందికి పైగా చనిపోతున్నారనీ మాత్రం గుర్తుంచుకుని ముందుకు పదండి.

ముందు మెసేజ్‌లో తప్పు చెప్పాలి. ఏడుగురూ ఖమ్మం వాళ్ళు కారు. ఐదుగురు ఖమ్మం జిల్లా పిల్లలు, ఇద్దరు గుజరాత్ పిల్లలు. ఖమ్మం పిల్లల్లో ఒకరు క్వారీ నీళ్ళలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారని రికార్డుల్లో ఉంది. కేంద్రం వేసిన ముగ్గురు సభ్యుల విచారణ కమిటీ 2011లో ఈ చావులకూ టీకాకూ సంబంధం ఉన్నట్టు లేదనే చెప్పింది. నేను దాన్ని నమ్ముతాను, మా అమ్మాయికి టీకా వేయించాను కూడా. ఇంత చెప్పినా పదిహేనేళ్ళ తర్వాత కూడా ఆ మెసేజ్ ఎందుకు చావట్లేదు అంటే, దానికి కారణం చావుల దగ్గర వెతికితే దొరకదని నా లెక్క. సంతకాల దగ్గర వెతకాలి.

2009 జూలై. తెలంగాణ ఇంకా రాలేదు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం, ఈ మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి టీకా మొదలుపెట్టారు. అమెరికాలోని సియాటిల్‌కు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డాసిల్. మనిషికి మూడు డోసులు. ప్రభుత్వ టీకా కార్యక్రమంలో దీన్ని పెడితే ఎలా నడుస్తుందో చూడడానికి అన్నారు, పేరు "డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అని పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇలాంటిదే మొదలైంది.

పిల్లలకు టీకా వేసి ఏమవుతుందో గమనిస్తున్నారంటే తల్లో తండ్రో ఒప్పుకుని సంతకం పెట్టాలి. వీళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. అమ్మానాన్నా ఎక్కడో గూడెంలో ఉంటారు, పండక్కో జ్వరానికో తప్ప రారు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కూర్చుని ఇది ఫలానా టీకా, ఇందుకు వేస్తున్నాం, ఇష్టం లేకపోతే వద్దనొచ్చు అని చెప్పాలంటే రోజులు పడుతుంది, మనుషులు కావాలి, కోయ భాష వచ్చినవాళ్ళు కావాలి. అంత పని ఎవరు పెట్టుకుంటారు? తల్లిదండ్రుల తరఫున హెడ్మాస్టర్లు సంతకం పెట్టొచ్చని రాష్ట్ర ప్రభుత్వమే కాగితం పంపింది.

ఆ సాయంత్రం ఒక హాస్టల్ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. బియ్యం లెక్క రాయాలి, ఇద్దరు పిల్లలకు జ్వరం, పప్పు ఇంకా ఉడకలేదు, బల్ల మీద ఫారాల కట్ట. వార్డెన్ పెన్ను తీసి తండ్రి సంతకం అని ఉన్న చోట తన సంతకం గీకుతూ పోయాడు, ఒకటి, పది, నలభై. ఆయన్ని తిట్టి లాభం లేదు. పైనుంచి వచ్చిన కాగితం పుణ్యమా అని ఆ పూట ఆ పిల్లలందరికీ ఆయనే నాన్న.

తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం లెక్క తీస్తే, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. అంటే పదింటిలో దాదాపు మూడు ఫారాలు ఇంటివాళ్ళ చేతికి వెళ్ళనే లేదు. ఈ కథలో మలుపు ఇదీ. దీని తర్వాత జరిగిందంతా, అంటే ప్రాజెక్టు ఆగడం, కోర్టు కేసులు, ఇవాళ మా పిన్ని పంపిన మెసేజ్‌తో సహా, ఈ సంతకాల లోంచి పుట్టిందే.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చింది. హాస్టళ్ళలో పిల్లలతో, గూడేల్లో పెద్దవాళ్ళతో మాట్లాడారు. దేనికి వేస్తున్నారో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పిల్లల చేతికిచ్చిన కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. క్యాన్సర్ రాకుండా అని కొందరికి చెప్పారు, ఏ క్యాన్సరో చెప్పలేదు. సూది తర్వాత తలనొప్పి, కడుపునొప్పి వచ్చిందన్న పిల్లల మాట రాసుకోవడానికి సరైన ఏర్పాటు లేదు. ఈ బృందం వాళ్ళు అడిగినవి నాకు ఇప్పటికీ గట్టి ప్రశ్నల్లాగే కనిపిస్తాయి. పేద గిరిజన పిల్లలున్న చోటే ఎందుకు ఎంచుకున్నారు? ఏదైనా జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది? భద్రాచలం చుట్టుపక్కల రక్తహీనతతో, మలేరియాతో నలిగే పిల్లలకు ముందు కావలసింది ఏమిటని వాళ్ళ అమ్మల్ని ఎవరైనా అడిగారా? ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ ఆపమంది, ప్రాజెక్టు ఆగిపోయింది.

పాత్ వాళ్ళ వాదన కూడా చెప్పాలి కదా. టీకాకు 2008లోనే దేశంలో అనుమతి ఉంది, మేం చేసింది మందు పరీక్ష కాదు, చావులకు టీకా కారణం కాదు అన్నారు. మూడో మాట నిజం. మొదటిదీ నిజమే. రెండోదాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. నాకైతే ట్రయలా, ప్రాజెక్టా అన్న పేరు గొడవలో అసలు విషయం జారిపోయిందనిపిస్తుంది. పేరు ఏదైనా ఆ అమ్మకు చెప్పాలా వద్దా?

2013 ఆగస్టులో స్థాయీ సంఘం 72వ నివేదిక చాలా ఘాటుగా వచ్చింది, కంపెనీల వ్యాపారం కోసమే ఇదంతా అన్నంత వరకు వెళ్ళింది. చావుల్ని లోతుగా చూడకుండానే కొట్టిపారేశారని కూడా అంది. సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు సాక్ష్యంగా చూడొచ్చా లేదా అన్న ప్రశ్న మీదే రాజ్యాంగ ధర్మాసనం కూర్చుని, చూడొచ్చని 2018 మేలో తేల్చింది. ఈ కాగితాలన్నీ ఇంగ్లీషులో, ఢిల్లీలో. గూడెంలో మిగిలింది మాత్రం "హాస్టల్లో సూది వేశారు, పిల్లలు చనిపోయారు" అన్న రెండు ముక్కలే. ఈలోగా ఊళ్ళ సరిహద్దులు కూడా మారిపోయాయి. 2014లో భద్రాచలం పట్నం తప్ప ఆ మండలం అంతా ఆంధ్రలో కలిసింది. అప్పటి పిల్లల్ని వెతకాలన్నా ఇప్పుడు రెండు రాష్ట్రాల ఆఫీసులు తిరగాలి.

ఆ రెండు ముక్కలకు కాళ్ళొచ్చింది 2016 తర్వాత, జియో వచ్చి డేటా చవకయ్యాక. 2017 ఫిబ్రవరిలో తమిళనాడు, కర్ణాటకల్లో మీజిల్స్ రుబెల్లా టీకా మొదలైనప్పుడు వాట్సాప్ పుకార్లు ఎంత పని చేశాయంటే తమిళనాడులో గడువు పెంచాల్సి వచ్చింది. ఆగస్టులో మన రెండు రాష్ట్రాల వంతు వచ్చేసరికి ఆ మెసేజ్‌లు తెలుగులోకి దిగిపోయి ఉన్నాయి. ఒక మెసేజ్‌ను ఐదు చాట్‌లకు మించి ఒకేసారి పంపకుండా 2018లో వాట్సాప్ కళ్ళెం వేసింది, అది కూడా పుకార్లతో మనుషుల్ని కొట్టి చంపిన తర్వాత.

మధ్యలో రూల్స్ మారాయి, ఒప్పుకోవాలి. మందుల పరీక్షల్లో సమ్మతిని వీడియో తీయాలని 2013 నవంబర్లో ఆదేశం వచ్చింది. 2017లో ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో జనంతో ముందే మాట్లాడాలన్న మాట చేరింది. 2019లో మందుల పరీక్షలకు కొత్త నిబంధనలు వచ్చాయి. మంచిదే. కానీ కెమెరా ముందు తలూపించడం వేరు, అడగనివ్వడం వేరు.

ఇక అవగాహన పేరుతో సోషల్ మీడియాలో జరిగే తమాషాలు. 2024 ఫిబ్రవరి 1న కేంద్ర మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. మర్నాడే నటి పూనమ్ పాండే ఇదే క్యాన్సర్‌తో చనిపోయినట్టు ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు వచ్చింది, ఆ మర్నాడు ఆవిడే కనిపించి బతికే ఉన్నాను, అవగాహన కోసం చేశాను అంది. దేశమంతా రెండు రోజులు ఈ జబ్బు పేరు మాట్లాడింది నిజమే. అబద్ధపు చావు కబుర్లతో ఇప్పటికే బెదిరి ఉన్న టీకాకు ఇంకో అబద్ధపు చావు అవసరమా అని నాకు అప్పుడు తల కొట్టుకోబుద్ధేసింది.

అసలు సోషల్ మీడియా వల్ల పరిశోధన బాగుపడిన సందర్భం లేదా అంటే ఉంది. 2020లో కోవిడ్ తగ్గినా నెలల తరబడి కోలుకోని రోగులు ఆన్‌లైన్లో ఒకరినొకరు వెతుక్కున్నారు. "లాంగ్ కోవిడ్" అన్న పేరు పెట్టింది కూడా డాక్టర్లు కారు, ట్విటర్లో ఒక రోగి. వాళ్ళే సర్వే తయారు చేసుకుని 56 దేశాల నుంచి 3,762 మంది జవాబులు సేకరించి 2021లో వైద్య పత్రికలో అచ్చు వేయించారు. అక్కడ ప్రశ్న రోగి నోట్లోంచి వచ్చింది. మన దగ్గర సాధారణంగా పోస్టర్ పైనుంచి వస్తుంది.

ఎలా వస్తుందో చూశాను కాబట్టి చెబుతున్నా. ఏజెన్సీ వైపు నాకు తెలిసిన ఒక ఆశా కార్యకర్త ఫోన్లో పదిహేను గ్రూపులున్నాయి. పై ఆఫీసు గ్రూపులో పొద్దున్నే పోస్టర్ పడుతుంది, ఆవిడ దాన్ని తన ఊరి తల్లుల గ్రూపులో పెడుతుంది, పెట్టినట్టు స్క్రీన్‌షాట్ తీసి మళ్ళీ పైకి పంపుతుంది. అంతే, ఆ రోజుకు జనాన్ని కలుపుకున్నట్టే. తల్లుల గ్రూపు "అడ్మిన్లు మాత్రమే" అన్న సెట్టింగ్‌లో ఉండేది, ఎవరో పాటలు, లోన్ల లింకులు పెడుతున్నారని. ఒకసారి ఆవిడకే విసుగొచ్చి రెండు రోజులు తెరిచి చూసింది. టైపింగ్ రాని వాళ్ళు వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. నెలసరి ఆగిపోతుందా? పిల్లలు పుట్టరా? సూది వేయిస్తే డబ్బులడుగుతారా? కోడి కూత మధ్య, టీవీ మోత మధ్య, ముప్ఫై సెకన్లు, నలభై సెకన్లు. వాటిలో ఒకటి ఒక అమ్మది. చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నప్పుడు మాకు ఇదే సూది మూడుసార్లు అన్నారు, ఇప్పుడు మా పిల్లకి ఒకటే చాలంటున్నారు, అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా అక్కా అని.

ఇంతకంటే సూటి ప్రశ్న ఏ కమిటీ వేయలేదు. జవాబు కూడా ఉంది, పైగా అది ఖమ్మం గొడవ లోంచే పుట్టింది. 2009లోనే దేశంలో వేరే చోట్ల అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాళ్ళు రెండు డోసులు మేలా మూడు మేలా అని మరో అధ్యయనం చేస్తున్నారు. 2010 ఏప్రిల్లో ఖమ్మం ప్రాజెక్టుతో పాటు దానిలో కూడా టీకాలు ఆపేశారు. దాంతో వేలమంది ఆడపిల్లలు ఒకే డోసుతో మిగిలిపోయారు. వాళ్ళను పదేళ్ళు గమనిస్తే ఆ ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతోందని 2021లో తేలింది. ఇతర దేశాల ఫలితాలతో కలిపి చూసి, ఒక్కటైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కాబట్టి అప్పుడూ అబద్ధం కాదు, ఇప్పుడూ కాదు. అప్పటికి తెలిసింది అంతే.

ఆశా కార్యకర్తకు ఈ సంగతి తెలియదు, ఎవరూ చెప్పలేదు. పై గ్రూపులో అడుగుదామని తెరిచింది. అక్కడ ఆవిడకు టైప్ చేసే గడి లేదు, అడ్మిన్లు మాత్రమే.