అమెరికా కాలేజీ అప్లికేషన్‌లో యాక్టివిటీలు, మేజర్: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ అయ్యాక బ్యాచిలర్స్‌కి అమెరికా వెళ్లాలనుకునే పిల్లల ఇళ్లలో తరచూ వినిపించే మాట: "కంప్యూటర్ సైన్స్ అడుగుతున్నాం కదా, యాక్టివిటీలన్నీ దానికి సంబంధించినవే ఉండాలట." మేజర్ అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు, యాక్టివిటీలంటే క్లాసు బయట చేసే పనులు. ఈ "అన్నీ" దగ్గరే చిక్కు.

అపోహ: కామన్ యాప్‌ (చాలా కాలేజీలకు ఒకటే ఆన్‌లైన్ దరఖాస్తు)లోని పది యాక్టివిటీ గడులూ మేజర్‌తోనే నింపాలి.

వాస్తవం: పది అనేది గరిష్ఠ పరిమితి. అన్నీ నింపి తీరాలని లేదు. మేజర్ వైపు చూపేవి రెండు మూడు లోతుగా ఉంటే చాలు, వాటిని పైవరసలో పెట్టండి. మిగతా గడుల్లో మనిషి కనిపించాలి. నానమ్మను చూసుకోవడం, నాన్న కొట్లో సాయంత్రం పద్దులు రాయడం కూడా యాక్టివిటీలే. కుటుంబ బాధ్యతలకు ఆ ఫారంలో విడిగా ఒక వర్గమే ఉంది. నామోషీ అనుకుని మనవాళ్లు వదిలేసేది ఎక్కువగా ఇదే, దయచేసి వదలకండి.

కాలేజీని బట్టి లెక్క మారుతుంది. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్, కార్నెగీ మెలన్ లాంటి యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్ సీటు మొదట్లోనే నేరుగా ఇస్తారు, తర్వాత అందులోకి మారడం చాలా కష్టం. అక్కడ ఆ సబ్జెక్టులో చేసిన పని గట్టిగా చూపాలి. అన్ని రకాల సబ్జెక్టులూ కలిపి చదివించే లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో మేజర్ ఖరారు చేసేది సాధారణంగా రెండో ఏడాది చివరికి కాబట్టి అంత పట్టింపు ఉండదు.

అపోహ: క్లబ్ పేరు, పదవి రాస్తే మేజర్‌తో సంబంధం అప్లికేషన్ చూసేవాళ్లకే అర్థమవుతుంది.

వాస్తవం: పదవికి 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, వివరణకు 150, అన్నీ స్పేసులతో కలిపి. "రోబోటిక్స్ క్లబ్‌లో నాయకత్వం, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను" అంటే చోటు వృథా అయింది, విషయం తెలియలేదు. అదే పనిని ఇలా రాసి చూడండి: "చెరువు నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ తయారీ, తేమకు రీడింగులు తప్పితే పీవీసీ పైపులో సీల్ చేశాం, 4 నెలల డేటా పంచాయతీకి ఇచ్చాం." ఏం చేశారు, ఎక్కడ చెడింది, ఎలా బాగుచేశారు, ఎవరికి పనికొచ్చింది, నాలుగూ వచ్చేశాయి. ఇంజనీరింగ్ మీద ఇష్టమని విడిగా రాయనక్కర్లేదు. పదవి గడిలో ఉన్నది వివరణలో మళ్లీ రాయకండి.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల ఫారం వేరు. అందులో 20 అంశాల దాకా, ఒక్కో వివరణకు 350 అక్షరాలు ఇస్తారు. కామన్ యాప్‌లోది అలాగే అతికిస్తే సగానికి పైగా చోటు వృథా.

అపోహ: కూచిపూడికీ కోడింగ్‌కీ ఎలాగోలా ముడిపెట్టాలి.

వాస్తవం: వద్దు. జతుల లెక్కను నిజంగా ప్రోగ్రాంగా రాసి ఉంటే చెప్పండి, లేకపోతే అది అతుకు అని ఇట్టే తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి సాధన చేసి రంగప్రవేశం చేసిన కళ తనంతట తానే నిలబడుతుంది. ఈ మేజర్ ఎందుకో చెప్పడానికి వ్యాసం ఉంది. జార్జియా టెక్ యూనివర్సిటీ అయితే 300 పదాల్లో నేరుగా అదే అడుగుతుంది.

అపోహ: ఫీజు కట్టి చేసిన రీసెర్చ్ పేపర్ ఉంటేనే సైన్స్ మేజర్.

వాస్తవం: ఫీజు రసీదు ఆసక్తికి రుజువు కాదు. పేపర్ పెడితే మీ ప్రశ్న ఏమిటో, డేటా ఎక్కడిదో, ఆ పద్ధతే ఎందుకో ఎవరి సాయం లేకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే తీసేయండి.

అపోహ: గంటలు కాస్త పెంచి వేస్తే ఎవరు చూస్తారు?

వాస్తవం: కూడి చూస్తారు. వారానికి 12 గంటల చొప్పున ఐదు యాక్టివిటీలంటే 60 గంటలు. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా క్లాసులుండే జూనియర్ కాలేజీ పిల్లలకు అది కుదిరే పని కాదు. వేసవిలో చేసినదానికి 8 వారాలు, వారానికి 15 గంటలు అని ఉన్నదున్నట్టు వేసి, సెలవుల్లో చేసినట్టు ఫారంలో టిక్ పెట్టండి.

అపోహ: సిఫార్సు లేఖల సంగతి మన జూనియర్ కాలేజీయే చూసుకుంటుంది.

వాస్తవం: మన జూనియర్ కాలేజీల్లో చాలాచోట్ల ఇలాంటి లేఖలు రాసే కౌన్సెలర్ ఉండరు. ఆ పని ప్రిన్సిపాలో, లెక్చరరో చేస్తారు. వాళ్లకు మీ మార్కులు తెలుసు, చెరువు సెన్సర్ సంగతి తెలియదు. నవంబర్ 1 గడువుకు (ముందస్తు దరఖాస్తుకు) వెళ్లేవాళ్లు సెప్టెంబర్ మొదటి వారంలోనే ఒక పేజీ వాళ్ల చేతికివ్వండి. పైన మేజర్ పేరు, కింద ముఖ్యమైన మూడు పనులు, ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలు.