‘దాకా’కీ ‘లోగా’కీ మధ్య ఒక ‘ని’

జపనీస్‌లో ‘గొజి’ అంటే ఐదు గంటలు. ‘గొజి మదె మచిమసు’ అంటే ఐదింటి దాకా ఎదురుచూస్తాను. ‘గొజి మదె ని కఎరిమసు’ అంటే ఐదింటిలోగా తిరిగొచ్చేస్తాను. ఎదురుచూడటం ఐదయ్యేదాకా సాగుతూనే ఉంటుంది. తిరిగి రావడం ఎప్పుడో ఒకసారి జరిగిపోతుంది, ఐదు దాటకపోతే చాలు. ఈ ‘ని’ మన ‘ఐదింటికి’లోని ‘కి’ లాంటిదే. సాగే కాలం మీద ఒక చోట చుక్క పెడుతుంది.

దాకా, లోగా రెండూ మనకున్నాయి కాబట్టి తెలుగువాళ్లకి ఇది సులువేననుకున్నాను. కానీ హైదరాబాద్‌లో ‘రేపటివరకు ఇచ్చేస్తా’ అనేవాళ్లు చాలామందే ఉన్నారు. హిందీ ‘కల్ తక్’ రెండు పనులూ చేస్తుంది కదా! అదే అలవాటులో ఒకసారి ‘శుక్రవారం మదె పంపుతాను’ అని మెయిల్ రాశాను. శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానన్నమాట. పంపాల్సింది ఒక్క ఫైలు.

‘మధ్య’, ‘వ్యవధి’ అనే అర్థమున్న ‘అయిద’తోనూ ఇదే తంతు. సెలవుల ‘అయిద’ క్యోటోలో ఉన్నానంటే సెలవులంతా అక్కడే. ‘అయిద ని’ వెళ్లానంటే సెలవుల్లో ఎప్పుడో ఓసారి. దీన్ని రాసే అక్షరంలో ద్వారం నడుమ సూర్యుడు ఉంటాడు, పాత రూపంలో చంద్రుడు. అదే అక్షరాన్ని ‘కన్’ అని చదివితే టోక్యో, ఒసాకాల మధ్య దూరానికీ పనికొస్తుంది, ‘మిక్కకన్’ అనే మూడు రోజులకీ పనికొస్తుంది. మనం మాత్రం? ఊరికీ ఏరుకీ ‘మధ్య’ అంటాం, ‘ఈ మధ్య’ కనిపించలేదేం అనీ అంటాం.

నాకు బాగా నచ్చేవి ఇంకో రెండు: ‘ని కకెతె’, ‘ని వతత్తె’. వంతెన కట్టడానికి ‘కకెరు’, దాన్ని దాటడానికి ‘వతరు’ అంటారు. ఈ రెండూ ఆ క్రియల నుంచి వచ్చినవే. ‘మిక్కకన్ ని వతత్తె’ అంటే మూడు రోజుల పాటు, ఆ మేరంతా. ఇది కాస్త బరువైన మాట. సమావేశాలకీ వరదలకీ నప్పుతుంది గానీ, ఐదు నిమిషాలు బస్సు కోసం నిలబడ్డదానికి వాడితే నవ్వుతారు.

‘కకెతె’ అంటే ఇక్కణ్ణుంచి అక్కడి దాకా అని, కానీ దాని అంచులు మసకగా ఉంటాయి. జపాన్‌లో పక్కపక్కనే ఉన్న ప్రాంతాలు కాంతో, తోహోకు. కాంతో నుంచి తోహోకు ‘కకెతె’ మంచు పడుతుందంటే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీయలేం. తమాషా ఏంటంటే, జపాన్ వాతావరణ సంస్థ రోజుని 3 గంటల చొప్పున 8 ముక్కలు చేసి ఒక్కోదానికీ పేరు పెట్టింది. ‘యూగత’ అంటే 15 నుంచి 18 గంటలు, ‘యొరు నొ హజిమెగొరొ’ అంటే 18 నుంచి 21. అంత కొలతగా కోసిన ముక్కల్ని మళ్లీ ‘కకెతె’తో కలిపేసి, యూగత నుంచి యొరు నొ హజిమెగొరొ ‘కకెతె’ వాన అని చెబుతారు.