పైరు పచ్చగా ఉంటే నేల మంచిదేనా?

మురుగునీటి కాలువల కింద, ఫ్యాక్టరీల పక్కన సాగు చేసే రైతులు మట్టి పరీక్షకు వచ్చినప్పుడు ఎక్కువగా అనే మాటలివి.

అపోహ: పైరు ఏపుగా ఉంది, నేలలో విషం లేదు.
నాకు అన్నిటికంటే భయం కలిగించే నమ్మకం ఇదే. జింకు, రాగి, నికెల్ మితిమీరితే ముందు మొక్కే దెబ్బతింటుంది. వేళ్లు పొట్టిగా, గోధుమరంగుగా మారతాయి, పిల్లవేళ్లు సరిగా రావు, పైరు గిడసబారుతుంది. అంటే మన కంటికి తెలుస్తుంది. కాడ్మియం అనే విష లోహం అలా కాదు. మొక్క తట్టుకుని పచ్చగా నిలిచే మోతాదే, రోజూ ఆ పంట తినేవాళ్ల కిడ్నీలను పాడుచేయగలదు. జపాన్‌లో జింజు నది కింద జరిగింది ఇదే. కామియోకా గని నుంచి కాడ్మియం ఆ నదిలో కలిసింది. ఆ నీళ్లతో పండిన బియ్యం తిన్నవాళ్లకు ఎముకలు విరిగిపోయే ఇతాయి-ఇతాయి జబ్బు వచ్చింది. కాలుష్యమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

అపోహ: లేత ఆకు పసుపైతే అన్నభేది (ఇనుము అందించే మందు) కొడితే చాలు.
ఇనుము లోపం నిజమే కావచ్చు. కానీ నేలలో జింకు, నికెల్ ఎక్కువైనా మొక్కకు ఇనుము సరిగా అందదు. పిచికారీకి ముందు ఒక మొక్కను పీకి, వేరు పైన చెప్పినట్టు పొట్టిగా, గోధుమరంగుగా ఉందేమో చూడండి.

అపోహ: సాయిల్ హెల్త్ కార్డులో అంతా బాగుంది.
అందులో ఉండేవి 12 అంశాలు. సీసం, కాడ్మియం వాటిలో లేవు. ఆ పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి.

అపోహ: పశువుల ఎరువు వేస్తే విషం విరిగిపోతుంది.
లోహం కుళ్లిపోయేది కాదు. ఎరువు దాన్ని కొంతవరకు పట్టి ఉంచుతుంది, అంతే. ఆమ్ల నేలకు సున్నం వేస్తే కాడ్మియం వేళ్లకు అందడం తగ్గుతుంది. వరిలో నీళ్లు నిలిపినా తగ్గుతుంది, కానీ ఆర్సెనిక్ అనే మరో విషం ఉన్న నేలలో అలా చేస్తే గింజలోకి ఆర్సెనిక్ ఎక్కువ చేరుతుంది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే వైద్యం. సిటీ కంపోస్ట్ (పట్టణ చెత్తతో చేసే ఎరువు) కొనేవాళ్లు ల్యాబ్ రిపోర్టు అడగండి. చట్టం ప్రకారం కిలోకు కాడ్మియం 5, సీసం 100 మిల్లీగ్రాములు మించకూడదు.

అపోహ: ఆకుకూర బాగా కడిగితే సరిపోతుంది.
పైన పడిన దుమ్ములోని సీసం చాలావరకు పోతుంది. వేరు నుంచి ఆకులోకి ఎక్కిన కాడ్మియం పోదు. అలాంటి నేలలో పాలకూర, తోటకూర మానేసి, బెండ, సొర లాంటి కాయకూరలకు మారండి. ఆకుల్లో చేరినంత లోహం సాధారణంగా కాయల్లో చేరదు. అయినా మొదటి కోత కాయల్ని ల్యాబ్‌లో చూపించాకే మార్కెట్‌కు పంపండి.