‘స్టాక్ ఓవర్’ అంటే అయిపోయినట్టు కాదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తాను. బ్రెజిల్ క్లయింట్ల ప్రాజెక్టుల్లో చేరేవాళ్లకు పోర్చుగీసు కూడా. ఈ వారం మళ్లీ అదే ప్రశ్న: “సార్, స్టాక్ ఓవర్ అంటే అయిపోయిందనే కదా?”

కాదు. దయచేసి ఈ ఒక్కటి మానేయండి. ఇంగ్లిష్‌లో మీటింగ్ ఓవర్ అవుతుంది, మ్యాచ్ ఓవర్ అవుతుంది. బియ్యం, డీజిల్, అట్టపెట్టెలు ఓవర్ కావు. పైగా గోడౌన్ లెక్కల్లో ఓవర్ అంటే బిల్లు కన్నా ఎక్కువ వచ్చిన సరుకు. తక్కువ వస్తే షార్ట్. నా మొదటి ఉద్యోగంలో “కార్టన్స్ ఆర్ ఓవర్” అని మెయిల్ పెట్టాను. అవతలివాళ్లు ఎక్కువున్నాయనుకొని రావలసిన లోడు ఆపేశారు. రెండు రోజులు ప్యాకింగ్ ఆగిపోయింది. మేనేజర్ అందరి ముందు నా తెలుగు మీడియం చదువును తిట్టాడు. ఆ బాధ ఇంకా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కొంచెమే మిగిలితే ‘రన్నింగ్ లో’. ఇట్లనే పోతే అయిపోతుందంటే ‘రన్నింగ్ అవుట్’. ఒక్కటీ లేకపోతే ‘వి హ్యావ్ రన్ అవుట్’. మొదటిదానికి రేపు ఆర్డర్ పెట్టినా నడుస్తుంది, చివరిదానికి ఇప్పుడే ఫోన్ చేయాలి.

స్పానిష్ వస్తే పోర్చుగీసు వచ్చినట్టేనా? చదివితే చాలావరకు తెలుస్తుంది, వింటే అంతగా తెలియదు. అంతే.

“తెలుగులో ఆలోచిస్తే భాష రాదు” అని భయపెట్టేవాళ్లను అసలు నమ్మకండి. పోర్చుగీసు ‘అకబో’ అచ్చంగా మన అయిపోయిందే. మీటింగూ అకబో, బియ్యమూ అకబో. మా అమ్మ ఉప్పు ఒడిసిందన్నా, పెండ్లి ఒడిసిందన్నా ఒకటే మాట కదా, అట్లా. అయిపోతోందంటే బ్రెజిల్‌లో ‘ఇస్తా అకబాందు’. బండి రిజర్వ్‌లో పడిందనడానికీ వాళ్లకు ‘నా హెజెర్వా’ ఉంది. బియ్యం ‘నిండుకున్నాయి’ అన్నదాన్ని మాత్రం మాటకు మాట దించకండి. ఇంట్లో లేవనడం అశుభమని పెద్దలు అట్లా అన్నారు, ఇంగ్లిష్‌లోకి దించినా, పోర్చుగీసులోకి దించినా అర్థం తిరగబడుతుంది.

పోర్చుగీసులో టెన్షన్ పెట్టేది ‘ఫవ్తార్’, అంటే తక్కువ పడడం. నిమిషాలతో వాడితే ‘ఇంకా పది నిమిషాలుంది’ అని అర్థం. దాన్ని పట్టుకొని పోయినేడు మా స్టూడెంట్ ఒకమ్మాయి, ‘ఫవ్తాం దెస్ కైషస్’ అని క్లయింట్ అంటే పది పెట్టెలు మిగిలాయని రాసింది. ఆయన చెప్పింది పది పెట్టెలు తక్కువ పడ్డాయని. రాత్రి పదకొండింటికి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. ఇద్దరం కూర్చొని మెయిల్ మళ్లీ రాశాం, పొద్దున్నే సరుకు పంపించారు.