పాము పెట్టెలో చెంచాడు నీళ్లు

షికాగోలో ఉంటున్న ఒక పాఠకురాలు అడిగారు. వాళ్ల అబ్బాయి బాల్ పైథాన్‌ని, అంటే ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువని, పెంచుతున్నాడట. చలికాలం మొదలయ్యాక కుబుసం ఒక్కటిగా ఊడకుండా ముక్కలు ముక్కలుగా వస్తోంది, తోక చివర కొంత అతుక్కుని ఉండిపోయింది. రోజుకు మూడుసార్లు స్ప్రే కొడుతున్నా తేమ మీటరు కాసేపు 80 చూపించి మళ్లీ 30కి పడిపోతోంది. పెట్టె అడుగున ఏ బెడ్డింగ్ (పరుపు) వేయాలి అని ప్రశ్న.

ముందు మన దేశం సంగతి ఒక్క ముక్కలో. నాగుపాము, జెర్రిపోతు, మన కొండచిలువ, వీటిని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతికి ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో ఇది పెట్ షాపుల్లో దొరుకుతుంది. తిండి, బల్బుల గురించి షాపువాళ్లే చెబుతారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. నాకు ఆసక్తి నీళ్ల లెక్క మీద.

పెద్ద బాల్ పైథాన్‌కి సాధారణంగా వాడే పెట్టె 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. అంటే 0.43 ఘనమీటరు గాలి. 27 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మహా అయితే 26 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఈ పాముకి కావలసిన 60 శాతం తేమ అంటే అందులో 60 శాతం, అంటే పదిహేను గ్రాములు. మన పెట్టెకి లెక్కేస్తే ఆరున్నర గ్రాములు. టీ చెంచాడు నీళ్లు, ఆ పైన కొంచెం. ఇంత హైరానా పడేది ఆ చెంచాడు నీళ్ల కోసం!

మరి ఆ చెంచాడు నీళ్లు ఎందుకు నిలవవు? షికాగో చలికాలంలో బయట సున్నా డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. వినడానికి ఎక్కువే. కానీ సున్నా దగ్గర గాలి ఘనమీటరుకు అయిదు గ్రాములకు మించి పట్టుకోలేదు. కాబట్టి ఉన్నది నాలుగు గ్రాములు. ఆ గాలే ఇంట్లోకి వచ్చి హీటరు వల్ల 22 డిగ్రీలకు చేరితే అక్కడ దాని సామర్థ్యం 19 గ్రాములు. నీళ్లు అవే నాలుగు, తేమ మాత్రం 20 శాతం. అదే గాలి పాము పెట్టెలో బల్బు కింద 32 డిగ్రీలకు చేరిందా, సామర్థ్యం 34కి పెరిగి తేమ 12 శాతం అవుతుంది. వంటింటి ఆవిరి, స్నానాల ఆవిరి కొంత కలుస్తుంది, నిజమే. అయినా అమెరికా వచ్చిన అత్తగార్లకి డిసెంబరులో పెదవులు పగిలేది ఇందుకే. వానాకాలం కాకినాడ గాలిలో ఘనమీటరుకు ఇరవై గ్రాములకు పైనే ఆవిరి ఉంటుంది మరి.

ఈ శాతం లెక్కకే బళ్లో సాపేక్ష ఆర్ద్రత అని పేరు పెట్టి, రెండు మార్కుల ప్రశ్నకి నిర్వచనం బట్టీ పట్టిస్తారు. అందులో సగం విషయం ఆ 'సాపేక్ష'లో ఉందని ఏ మేష్టారూ ఆగి చెప్పరు. ఒకే పెట్టెలో, ఒకే గాలిలో, చల్లటి మూల 26 డిగ్రీల దగ్గర మీటరు 60 చూపిస్తుంటే, బల్బు కింద 32 దగ్గర రెండో మీటరు 43 చూపిస్తుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, మీటరూ చెడిపోలేదు.

ఇప్పుడు స్ప్రే సంగతి. స్ప్రే కొట్టిన నీరు గాజు మీదా బెడ్డింగ్ పైనా పల్చటి పొరగా పరుచుకుంటుంది. బల్బు వేడికి గంటలోపే ఆవిరవుతుంది. పెట్టెలో గాలికి కావలసింది చెంచాడే కదా, మీటరు వెంటనే 80కి ఎగబాకుతుంది. జాలీ మూత అయితే వేడెక్కిన గాలి పైకి లేచి ఆ ఆవిరిని మోసుకుపోతుంది, ఇంట్లోని ఎండుగాలి లోపలికొస్తుంది. గంటకు ఒక్కసారి గాలి మారినా గంటకి నాలుగైదు గ్రాముల నష్టం. రోజు మొత్తానికి దాదాపు నూరు గ్రాములు. స్ప్రే సీసాతో పూడ్చగల లోటు కాదిది. తేమ నిల్వ ఉండాల్సింది గాలిలో కాదు, అడుగున బెడ్డింగ్‌లో.

వేసవిలో మంచినీళ్ల కుండ కింద ఇసుక పోస్తాం కదా. పైన చూస్తే పొడిపొడిగా ఉంటుంది, రెండు వేళ్లు దింపితే చల్లగా తడి తగులుతుంది. పాముకి కావలసింది అచ్చంగా అదే. పైన ఎండిన పొర మందం పెరిగేకొద్దీ అడుగు తడి నుంచి ఆవిరి ఆ సందుల్లోంచి పాక్కుంటూ రావడానికి ఎక్కువ సేపు పడుతుంది. మందం రెట్టింపయితే వేగం సగం. అందువల్ల నీరు ఒక్కసారిగా పోదు, రోజుల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. పైగా పాము పొట్ట ఆనేది పొడి పొర మీద. ఎప్పుడూ తడి మీద పడుకున్న పాముకి పొట్ట పొలుసుల కింద బొబ్బలు వచ్చి కుళ్లు పడుతుంది. తేమ కావాలి కానీ తడి వద్దు అంటే అర్థం ఇది.

ఈ పని చక్కగా చేసేది కొబ్బరి. మన కోనసీమలో పీచు తీశాక గుట్టలుగా మిగిలే పొట్టే ఇటుకల్లా నొక్కి దేశదేశాలకు పోతోంది. అందులో కణాలు స్పాంజిలా ఖాళీగా ఉంటాయి, తమ బరువుకు ఎన్నో రెట్ల నీరు పీలుస్తాయి. ఒట్టి పొట్టు ఎండితే దుమ్ము లేస్తుంది కాబట్టి కొబ్బరి చిప్స్ కలిపి, నాలుగంగుళాల మందం వేయాలి. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. ఆ తరవాత నీళ్లు పైన చల్లొద్దు, మూలల్లో నెమ్మదిగా పోయండి, అడుగుకి దిగుతాయి. జాలీ మూతని సగానికి పైగా అల్యూమినియం ఫాయిల్‌తో కప్పండి. సైప్రస్ మల్చ్ (ఆ చెట్టు తరుగు) కూడా బాగుంటుంది. ఆస్పెన్ చెక్కపొట్టు కార్న్ స్నేక్ అనే మరో పెంపుడు పాముకి సరే, తడిస్తే బూజు పడుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. సీడార్ చెక్కపొట్టు మాత్రం ఏ పాముకీ వద్దు, దాని ఘాటు నూనెలు ఊపిరితిత్తులకు చేటు.

తేమకీ కుబుసానికీ లింకేమిటి? పాము చర్మంలో పైన బీటా కెరటిన్ అనే గట్టి ప్రోటీన్, కింద మెత్తటి ఆల్ఫా కెరటిన్, రెంటి మధ్య కొవ్వు పదార్థాల పలుచటి పొర. నీరు బయటికి పోకుండా ఆపేది ముఖ్యంగా ఆ కొవ్వే. కుబుసం విడిచే ముందు పాత చర్మం కింద ఈ వరస మొత్తం కొత్తగా తయారవుతుంది. పాతకీ కొత్తకీ మధ్య ద్రవం చేరుతుంది, ఎంజైములు అతుకుని కరిగిస్తాయి. అప్పుడే కళ్లు పాలనీలంగా మారతాయి. కొన్ని రోజులకు మళ్లీ తేటపడ్డాక, మూతి దగ్గర మొదలుపెట్టి విడుస్తుంది. గాలి ఎండుగా ఉంటే పాత చర్మం బిరుసెక్కి అక్కడక్కడ చిరుగుతుంది. తోక చివర మిగిలిన ఉంగరం బిగిస్తే రక్తం ఆడదు. దాన్ని గోరువెచ్చటి తడిగుడ్డతో మెత్తబరిచి తీయొచ్చు. కంటి మీద పొర మిగిలితే గోరు పెట్టొద్దు, కింద ఉన్నది కన్నే, డాక్టరుకి చూపించండి. కుబుసం బీరువాలో పెడితే డబ్బు నిలుస్తుందంటారు. డబ్బు సంగతి తెలీదు కానీ, తిరగేసి కళ్ల దగ్గర రెండు గుండ్రటి పారదర్శక మూతలు ఉన్నాయో లేదో చూసుకోవడానికి మాత్రం దాచుకోదగ్గదే.

బాల్ పైథాన్ సొంతూరు ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డిమైదానాలు. అక్కడ డిసెంబరు నుంచి సహారా ఎండుగాలి హర్మటాన్ వీస్తుంది. ఆ గాలికి ఈ పాము ఎలా ఆగుతుంది? ఎలుక బొరియల్లో, చెదలు కట్టిన పుట్టల్లో దూరుతుంది. పైన ఎండు, లోపల తేమ. అందుకే పెట్టెలో ఒక మూత డబ్బాకి కన్నం పెట్టి, పిండిన స్ఫాగ్నమ్ నాచు నింపి ఉంచితే కుబుసం రోజుల్లో తనే వెళ్లి కూర్చుంటుంది.

చివరిగా మీటరు. ముల్లు తిరిగే రకాన్ని నమ్మొద్దు, డిజిటల్‌ది కొనండి. దాన్నీ పరీక్షించండి. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, కరిగిపోకుండా తడి ముద్దలా అయ్యేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవరులో మూసి రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు పైన గాలి తేమ 75 దగ్గర స్థిరపడుతుంది. మీది 70 చూపిస్తే, ఇకపై అది చూపిన దానికి అయిదు కలుపుకోండి.