సభ్యత్వం ఒకరిది, తలుపు మరొకరిది: విమానాశ్రయ లాంజ్‌ల వెనుక కథ

2025 మార్చి 24 నుంచి అమెరికా విమాన సంస్థ యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన లాంజ్ (విమానాశ్రయంలోని ప్రత్యేక విశ్రాంతి గది) సభ్యత్వాన్ని రెండు రకాలుగా విడగొట్టి అమ్మడం మొదలుపెట్టింది. అంతవరకు ఏడాదికి 650 డాలర్లు కట్టిన సభ్యుడికి ఆ సంస్థ సొంత లాంజ్‌లైన యునైటెడ్ క్లబ్‌లతో పాటు, స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోని ఇతర సంస్థలు నడిపే అనేక లాంజ్‌లలో కూడా కూర్చునే వీలుండేది. కొత్త పద్ధతిలో 750 డాలర్ల వ్యక్తిగత సభ్యత్వం యునైటెడ్ సొంత లాంజ్‌ల వరకే పనికివస్తుంది. వెంట ఉన్నవారిని ఉచితంగా లోపలికి తీసుకువెళ్లాలన్నా, భాగస్వామ్య సంస్థ లాంజ్‌లో అడుగుపెట్టాలన్నా 1,400 డాలర్ల ‘ఆల్ యాక్సెస్’ సభ్యత్వం తీసుకోవాలి. ధర పెరిగిందన్న ఫిర్యాదే అప్పట్లో ఎక్కువగా వినిపించింది గాని, అంతకన్నా పెద్ద మార్పు మరొకటి ఉంది. ఇన్నేళ్లుగా సభ్యత్వంతో పాటు కొసరుగా వస్తున్న పొరుగు లాంజ్ ప్రవేశానికి యునైటెడ్ విడిగా వెల కట్టింది. ఆ కొసరు అసలు ఎలా వచ్చిందో, ఎందుకు ఎప్పుడూ నిలకడగా లేదో తెలియాలంటే దాదాపు ఎనభై ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి.

విమానాశ్రయ లాంజ్ మొదట అమ్మకానికి పెట్టిన వస్తువు కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్ తమ విమానాలను ‘ఫ్లాగ్‌షిప్’లని పిలిపించేవారు. ఆ పేరుకు తగ్గట్టుగా, సంస్థకు కావలసిన ప్రయాణికులకు ‘అడ్మిరల్’ అనే గౌరవ బిరుదు ఇచ్చే ఆనవాయితీని ఆయన ప్రారంభించారు. ఆ బిరుదు ఉన్నవారు కూర్చోవడానికి 1939లో న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయంలో మొదటి అడ్మిరల్స్ క్లబ్ వెలిసింది. సినిమా తారలు, రాజకీయ నాయకులు, వ్యాపారులు, వారితో పాటు ఆ సంస్థ విమానాల్లోనే తరచు తిరిగే కొందరు మామూలు ప్రయాణికులు అందులో సభ్యులు. రుసుము లేదు, దరఖాస్తు లేదు. సంస్థ పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే బయట బెంచీ మీద కూర్చోవాలి. తరువాతి కాలంలో ఇతర విమాన సంస్థలైన యునైటెడ్ వారి రెడ్ కార్పెట్ క్లబ్, ప్యాన్ యామ్ వారి క్లిప్పర్ క్లబ్, టీడబ్ల్యూఏ వారి అంబాసిడర్స్ క్లబ్ వంటివి పుట్టాయి. పేర్లు వింటేనే అప్పటి ఠీవి తెలుస్తుంది.

ఈ పిలుపు పద్ధతి చివరిదాకా నిలవలేదు. ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో సంస్థ తన ఇష్టానుసారం నిర్ణయించడం వివక్షేనని ఒక ప్రయాణికుడు దావా వేశాక, అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన క్లబ్‌ను రుసుము కట్టిన ఎవరికైనా తెరవవలసి వచ్చింది. మిగిలిన అమెరికా సంస్థల్లో ఎక్కువ భాగం అదే దారి పట్టాయి. ప్రస్తుత చిక్కులన్నిటికీ మూలం ఈ మలుపులోనే ఉందని నా అభిప్రాయం. ఐరోపాలోను, ఆసియాలోను లాంజ్ ప్రధానంగా పై తరగతి టికెట్ కొన్నవారికి, తరచు ప్రయాణించేవారికి ఇచ్చే మర్యాదగానే ఉండిపోయింది. అమెరికాలో మాత్రం అది ఏడాది చందాకు దొరికే సరుకుగా మారింది. కొన్ని సంస్థలు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని జీవితకాల సభ్యత్వాలు సైతం అమ్మాయి. మర్యాదకు లెక్క ఉండదు, సరుకుకు లెక్క తప్పదు. ఈ రెండు ధోరణులు తరువాత ఒకే కూటమిలో కలిసినప్పుడు రాపిడి మొదలైంది.

కూటములు పుట్టక ముందే పొరుగు లాంజ్‌ల సౌకర్యం కొంతవరకు ఉండేది. ఒక సంస్థకు లాంజ్ లేని ఊళ్లో మరొక సంస్థకు ఉంటుంది. ఇద్దరూ ఒకరి సభ్యులను ఒకరు రానిచ్చుకుంటే, కొత్తగా గోడలు కట్టకుండానే ఇద్దరి సభ్యత్వాలకూ విలువ పెరుగుతుంది. 1998లో చేతులు కలిపిన నార్త్‌వెస్ట్, కాంటినెంటల్ సంస్థలు ఇదే చేశాయి. నార్త్‌వెస్ట్ వారి వరల్డ్‌క్లబ్స్ సభ్యుడు కాంటినెంటల్ వారి ప్రెసిడెంట్స్ క్లబ్‌లో కూర్చోగలిగేవాడు. తరువాత డెల్టా కూడా ఈ వరసలో చేరింది. సియాటిల్ కేంద్రంగా ఉన్న అలాస్కా ఎయిర్‌లైన్స్ ఏ కూటమిలోనూ లేని రోజుల్లో వేర్వేరు సంస్థలతో విడివిడిగా ఇలాంటి ఒప్పందాలు చేసుకుంది. ఇవన్నీ ఇద్దరి మధ్య కుదిరిన ఇచ్చిపుచ్చుకోళ్లు. ప్రయాణికుడి చేతిలోని కార్డు మీద మాత్రం అవి అతనికి పుట్టుకతో వచ్చిన హక్కులన్నట్టు కనిపించేవి.

1997 మే 14న ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, స్కాండినేవియాకు చెందిన ఎస్ఏఎస్, థాయ్, యునైటెడ్ సంస్థలు కలిసి స్టార్ అలయన్స్‌ను ఏర్పాటు చేశాయి. 1999 ఫిబ్రవరిలో వన్‌వరల్డ్, 2000 జూన్‌లో స్కైటీమ్ వచ్చాయి. మూడు కూటములూ లాంజ్ ప్రవేశాన్ని ప్రధానంగా రెండు అర్హతల మీద నిలబెట్టాయి. ఒకటి ప్రయాణ తరగతి, అంటే బిజినెస్ లేదా ఫస్ట్ క్లాస్ టికెట్. రెండవది హోదా, అంటే స్టార్ గోల్డ్, వన్‌వరల్డ్ సఫైర్, స్కైటీమ్ ఎలీట్ ప్లస్ వంటి, తరచు ప్రయాణించడం వల్ల దక్కే మెట్టు. డబ్బు కట్టి సభ్యుడైనవాడు ఈ రెండు గళ్లలో దేనిలోనూ ఇమడడు. అతడు ఎకానమీ టికెట్ మీద ఏడాదికి మూడుసార్లు మాత్రమే ప్రయాణించే మనిషి కావచ్చు. అతడిని తమ లాంజ్‌లో ఎందుకు కూర్చోబెట్టాలని ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న సంస్థ అడిగితే, కూటమి సూత్రాల ప్రకారం జవాబు లేదు.

జవాబు డబ్బులో ఉంది. ఒక సంస్థ ప్రయాణికుడు మరొక సంస్థ లాంజ్‌లో అడుగుపెట్టినప్పుడు, పంపిన సంస్థ ఆతిథ్యం ఇచ్చిన సంస్థకు తలకు ఇంత అని చెల్లించుకోవడం ఈ రంగంలో మామూలు వ్యవహారం. గుమ్మం దగ్గర ఉద్యోగి బోర్డింగ్ పాస్‌ను యంత్రం కింద పెట్టినప్పుడు వినిపించే చిన్న కూత ఒక విధంగా చీటీ రాసుకోవడమే. అమెరికా సంస్థలు సభ్యత్వ రుసుము తమ ఖాతాలో వేసుకుంటాయి, ఆ సభ్యుడు ఎక్కువగా విదేశాల్లో తిరిగితే ఖర్చు మాత్రం పరాయి లాంజ్‌లకు పోతుంది. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవాడికీ ఇరవైసార్లు వెళ్లేవాడికీ ఒకే చందా ఉన్నప్పుడు ఈ లెక్క ఎక్కడో తప్పుతుంది. 2025 నాటి విభజనను ఈ కోణం నుంచి చూస్తే అది దురాశ ఒక్కటే కాదు, ఆలస్యంగా జరిగిన గణితం కూడా.

ఇదే లెక్క మరొక విచిత్ర నియమాన్ని కూడా పుట్టించింది. తరచు ప్రయాణించేవారి కోసం యునైటెడ్ నడిపే మైలేజ్‌ప్లస్ పథకంలో స్టార్ గోల్డ్ హోదా ఉన్న ప్రయాణికుడు అమెరికా లోపల ఎకానమీలో ప్రయాణించేటప్పుడు, ఆ హోదాతో యునైటెడ్ క్లబ్‌లోకి వెళ్లలేడు. కాని అదే విమానం ఎక్కబోయే లుఫ్తాన్సా గోల్డ్ సభ్యుడో, 2014 జులై 11న స్టార్ అలయన్స్‌లో చేరిన ఎయిర్ ఇండియా గోల్డ్ సభ్యుడో వెళ్లగలడు. ఇంటి బిడ్డకు లేని చనువు చుట్టానికి ఉన్నట్టన్నమాట. అమెరికన్, డెల్టా సంస్థలు కూడా తమ సొంత పథకాల సభ్యుల మీద దేశీయ ప్రయాణాల విషయంలో ఇటువంటి ఆంక్షలే పెట్టుకున్నాయి. హోదా ఉన్న ప్రతి స్వదేశీ ప్రయాణికుడినీ ఉచితంగా రానిస్తే సభ్యత్వం కొనేవారెవరూ మిగలరన్నదే దీని వెనుక ఉన్న భయం. అమెరికాలో స్థిరపడి నెలనెలా దేశీయ విమానాలు ఎక్కే తెలుగువారిలో కొందరు మైళ్లను (ప్రయాణాలకు దక్కే పాయింట్లను) కావాలనే ఎయిర్ ఇండియా ఖాతాలోనో, టర్కిష్ ఖాతాలోనో జమ చేసుకోవడానికి కారణం ఈ నియమమే.

ఇక డబ్బు కట్టిన సభ్యుల విషయంలో మూడు కూటములూ మూడు దారులు పట్టాయి. స్టార్ అలయన్స్‌లో యునైటెడ్, ఎయిర్ కెనడా వంటి సంస్థలు అమ్మే సభ్యత్వాలకు కొంత విస్తృతమైన గుర్తింపు దొరికింది. వన్‌వరల్డ్‌లో అటువంటి ఉమ్మడి గుర్తింపు లేదు. అక్కడున్నవి జతలు జతలుగా చేసుకున్న ఒప్పందాలు మాత్రమే. అడ్మిరల్స్ క్లబ్ సభ్యుడు ఆస్ట్రేలియాలో క్వాంటాస్ క్లబ్‌లకు, క్వాంటాస్ క్లబ్ సభ్యుడు అమెరికాలో అడ్మిరల్స్ క్లబ్‌లకు వెళ్లడం అటువంటిదే. 2021 మార్చి 31న వన్‌వరల్డ్‌లో చేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ అయితే సొంత లాంజ్‌లకు ఒక ధర, అమెరికన్ వారి లాంజ్‌లు కూడా కలిసిన ‘లాంజ్ ప్లస్’కు మరొక ధర పెట్టింది. స్కైటీమ్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు: డెల్టా స్కై క్లబ్ సభ్యత్వం కొన్నంత మాత్రాన కూటమిలోని అన్ని లాంజ్‌లూ తెరుచుకోవు.

ఒప్పందాల మీద కట్టిన సౌకర్యం ఒప్పందంతోనే కూలుతుందని రెండుసార్లు బాగా తెలిసివచ్చింది. 2009 అక్టోబరులో కాంటినెంటల్ స్కైటీమ్‌ను వదిలి మూడు రోజుల తేడాతో స్టార్ అలయన్స్‌లో చేరినప్పుడు, డెల్టా లాంజ్‌లకు అలవాటు పడిన ప్రెసిడెంట్స్ క్లబ్ సభ్యులకు ఆ తలుపులు మూసుకుపోయాయి, యునైటెడ్ తలుపులు తెరుచుకున్నాయి. 2014 మార్చి చివర యూఎస్ ఎయిర్‌వేస్ స్టార్ అలయన్స్ నుంచి వన్‌వరల్డ్‌కు మారింది. యునైటెడ్ లాంజ్‌లలో కూర్చోవచ్చునన్న ఆశతోనే యూఎస్ ఎయిర్‌వేస్ క్లబ్ సభ్యత్వం కొన్నవారు అప్పట్లో తక్కువమంది కాదు. వారి కార్డు మీద గడువు ఇంకా మిగిలి ఉన్నా, దాని సారం పోయింది. అదే మార్చి నెలలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాటినం కార్డు ఉన్నవారికి అడ్మిరల్స్ క్లబ్ ప్రవేశం కూడా ముగిసింది. అప్పటికే ఆ కార్డు సంస్థ 2013లో లాస్ వెగాస్‌లో తన మొదటి సెంచూరియన్ లాంజ్‌ను తెరిచి, సొంత దారి వెతుక్కుంది.

కార్డుల ప్రస్తావన వచ్చింది కాబట్టి, రద్దీ సంగతి కూడా చెప్పాలి. సభ్యత్వాన్ని నేరుగా కొనేవారికన్నా, క్రెడిట్ కార్డుతో కలిసి వచ్చిన సభ్యత్వంతో లోపలికి వెళ్లేవారు పెరిగేకొద్దీ లాంజ్ బయట వరుసలు మొదలయ్యాయి. ఒకప్పుడు ఏ సంస్థ విమానం ఎక్కుతున్నా సభ్యత్వ కార్డు చూపిస్తే చాలు. డెల్టా 2019 జనవరి 1 నుంచి, అమెరికన్ అదే ఏడాది నవంబరు 1 నుంచి, యునైటెడ్ కూడా ఆ ఏడాదిలోనే, లాంజ్‌కు వచ్చిన రోజుకే తమ విమానానికో భాగస్వామ్య సంస్థ విమానానికో బోర్డింగ్ పాస్ ఉంటేనే రానిస్తామని నియమం పెట్టాయి. డెల్టా మరో అడుగు ముందుకు వేసి, 2023 నుంచి తన పథకంలో మెడాలియన్ హోదా ఉన్నవారికి తప్ప ఇతరులకు సభ్యత్వం అమ్మడమే మానేసింది. వ్యక్తిగత సభ్యత్వం ధరను 545 డాలర్ల నుంచి 695కు పెంచింది. డబ్బుతో తెరిచిన తలుపును మళ్లీ హోదాతో మూయడం ఇది. ఒక విధంగా 1939 నాటి పిలుపు పద్ధతి వైపు సగం దూరం తిరిగి నడిచినట్టే.

ఈ చరిత్రంతా హైదరాబాద్ ప్రయాణికుడి మీద ఎలా పనిచేస్తుందో రెండు ఉదాహరణలు చాలు. న్యూజెర్సీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, 2024 జనవరిలో మొదలైన లుఫ్తాన్సా నేరు విమానంలో శంషాబాద్ చేరే ఒకరి దగ్గర యునైటెడ్ క్లబ్ సభ్యత్వం ఉందనుకుందాం. న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయంలో అతడికి ఏ ఇబ్బందీ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని నాలుగైదు గంటల విరామంలో మాత్రం అతడి సభ్యత్వం ఏ రకమన్నది తేలాలి. అది 750 డాలర్లదైతే ఆ కార్డు లుఫ్తాన్సా లాంజ్ దగ్గర పనిచేయదు. డాలస్ నుంచి దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్‌లో వచ్చే మరొకరి దగ్గర అడ్మిరల్స్ క్లబ్ సభ్యత్వం ఉందనుకుందాం. అమెరికన్, ఖతార్ రెండూ వన్‌వరల్డ్ సంస్థలే అయినా, దోహాలోని లాంజ్ ఆ సభ్యత్వాన్ని గుర్తించదు. బిజినెస్ టికెట్టో, సఫైర్ హోదానో ఉండాలి. ‘ఒకే కూటమి కదా’ అనే వాదన గుమ్మం దగ్గర నెగ్గదు.

శంషాబాద్ చేరాక పరిస్థితి మరీ వేరు. మన విమానాశ్రయాల్లో చాలా లాంజ్‌లను విమాన సంస్థలు కాక వేరే నిర్వాహకులు నడుపుతారు, విమాన సంస్థలు తమ బిజినెస్ ప్రయాణికులను, హోదా ఉన్నవారిని అక్కడికి పంపి బిల్లు కడతాయి. అటువంటి కాంట్రాక్టు లాంజ్‌లలో అమెరికా క్లబ్ సభ్యత్వాలు సాధారణంగా చెల్లవు. ఇక్కడ మనవాళ్లకు తెలిసిన పద్ధతి బ్యాంకు కార్డు గీకి, నామమాత్రంగా రెండు రూపాయలు కట్టి లోపలికి వెళ్లడం. అది కూడా మధ్యవర్తి ఒప్పందాల మీద నిలిచినదే. 2025 సెప్టెంబరులో బ్యాంకు కార్డులకూ లాంజ్‌లకూ మధ్యవర్తిగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ సంస్థ దేశీయ లాంజ్ సేవల నుంచి తప్పుకున్నప్పుడు ఆ సంగతి ఇక్కడా తెలిసింది.

కొడుకు పేరు మీద ఉన్న సభ్యత్వంతో, ఒంటరిగా ప్రయాణించే తల్లిదండ్రులు లాంజ్‌లో కూర్చోవచ్చా అన్నది అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో తరచు వినిపించే ప్రశ్న. కూర్చోలేరు. సభ్యుడు స్వయంగా ఉండి, అదే రోజు బోర్డింగ్ పాస్ చూపితేనే, అది కూడా అతిథులను అనుమతించే సభ్యత్వమైతేనే వెంట ఉన్నవారికి ప్రవేశం. వీల్‌చెయిర్ మీద వచ్చే పెద్దవారికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాసేపు విశ్రాంతి కావాలంటే, 1,400 డాలర్ల కార్డు కొడుకు జేబులో ఉన్నా వారికి ఉపయోగం లేదు. వారి సొంత టికెట్ తరగతో, వారి పేరు మీద ఉన్న గోల్డ్ హోదానో ఉండాలి, లేదా ఆ ఒక్క రోజుకు రుసుము తీసుకుని ఎవరినైనా రానిచ్చే లాంజ్ ఆ టెర్మినల్‌లో ఉందేమో ముందుగా చూసుకోవాలి.