మురుగుకు తోడు వేయడం

"మురుగు శుద్ధి కేంద్రంలో నీళ్ళు బాగుపడటానికి ఏ మందు కలుపుతారు?" అని ఒక పాఠకురాలు అడిగారు. చివర్లో కాస్త క్లోరిన్ కలుపుతారు గానీ అసలు పని మందుది కాదు, నిన్నటి మురుగులో మిగిలిన అడుసుది. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

జల్లెడలు, ఇసుక తొట్లు వదిలేస్తున్నాను. బడి పుస్తకాల్లో వాటికి గీసిన డబ్బాలు బాణాలు చూసి పిల్లలు మొత్తం కేంద్రమే ఒక పెద్ద వడపోత అనుకుంటారు. కాదు, అదొక పెంపకం.

1913లో మాంచెస్టర్ దగ్గర డేవీహ్యూమ్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు సీసాలో మురుగు పోసి గాలి ఊదారు. అందులోని అమోనియా పూర్తిగా నైట్రేటు కావడానికి, అంటే ఆ మురుగు బాగుపడటానికి, దాదాపు 5 వారాలు పట్టింది. అప్పుడు పైన తేరిన నీళ్ళు వంచేసి, అడుగున దిగిన అడుసును మాత్రం ఉంచి, దానిమీదే కొత్త మురుగు పోశారు. మళ్ళీ గాలి, మళ్ళీ వంచడం. పోసినకొద్దీ గడువు తగ్గి, చివరికి 5 వారాల పని ఒక రోజుకు దిగింది. 1914లో ఈ ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళకే సెవెర్న్ నది ఒడ్డున వూస్టర్ అనే చిన్న నగరం ఈ పద్ధతిలో కేంద్రం కట్టుకుంది. ఆర్డెర్న్, లాకెట్‌లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆచార్యుడిగా వచ్చారు.

ఇది మనింట్లో పెరుగు తోడు వేయడమే. ఉత్త పాలు వదిలేస్తే ఎప్పుడో పులుస్తాయి, చెంచాడు నిన్నటి పెరుగు వేస్తే తెల్లారేసరికి తోడుకుంటాయి. మురుగునీరు గాలి తొట్టిలో ఆరేడు గంటలుండి వెళ్ళిపోతుంది. అడుసులోని సూక్ష్మజీవులు మాత్రం వారం పది రోజులు అక్కడే తిరుగుతుంటాయి. తేర్చే తొట్టి అడుగు నుంచి పంపులతో వాటిని వెనక్కి తెస్తారు. అమోనియాను తినే బ్యాక్టీరియా ఒకటికి రెండు కావడానికి ఒక రోజు పైనే పడుతుంది. తోడు దాచకపోతే అవి నీటితో పాటే కొట్టుకుపోతాయి.

పెరుగు ఒక్కోసారి తీగలు సాగుతుంది కదా, ఇక్కడా అంతే. గాలి చాలకపోతే దారాల్లా పెరిగే బ్యాక్టీరియా పైచేయి అవుతుంది. అడుసు దూదిలా ఉబ్బి, అడుగుకు దిగక, నీటితో పాటు నదిలోకి పోతుంది. అందుకే లీటరు గాజు జాడీలో ఆ నీళ్ళు పోసి అరగంట ఆగి, అడుసు ఎంతవరకు దిగిందో చూస్తారు. పోలిక ఒక్క చోట చెడుతుంది. పాలు తోడుకోవడానికి గాలి అక్కర్లేదు, ఈ అడుసుకు గాలే ప్రాణం. కరెంటు పోయి గాలి ఊదే బ్లోయర్లు చాలాసేపు ఆగితే ఊపిరాడక చస్తుంది.

పారే నీటికి మైల లేదంటారు పెద్దలు. అందులో సగం నిజముంది, నదిలోనూ ఇవే జీవులున్నాయి. కానీ 30 డిగ్రీల వేడిలో లీటరు నది నీరు పట్టుకోగల ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. శుద్ధి చేయని ఊరి మురుగు లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు అడుగుతుంది. అంటే ఒక బిందె మురుగు పాతిక బిందెల నది నీటి ఊపిరి లాగేస్తుంది. మురుగుకున్న ఈ ఆక్సిజన్ ఆకలిని కొలవడానికి ఒక పరీక్ష ఉంది, దానికి బ్రిటన్‌లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఆగుతారు. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చాలు. మన వేడికి జీవులు త్వరగా తింటాయి, నదిలోనూ అంతే త్వరగా తింటాయి. ఆ తిండి నదిలో కాక తొట్టిలో జరగాలనే ఈ ఏర్పాటంతా.

కొత్త కేంద్రం మొదలుపెట్టే రోజున తొట్టిలో తోడు ఉండదు. అప్పుడు పక్క ఊరి కేంద్రం నుంచి ట్యాంకరులో అడుసు తెచ్చి పోస్తారు. అదీ దొరక్కపోతే ఆవు పేడ కలిపి గాలి ఊదుతూ కొన్ని వారాలు కాచుకుంటారు.